గవ్వలపాలెం మీద పుర్రె

గోడ మీది పుర్రె బొమ్మను ఎవరో సున్నంతో కప్పేసి, ఆ సున్నం మీద ఎర్రరంగుతో ప్రాణం పోతుందని రాసిపోయారు.

ముందుగా చూసింది కళావతి. నల్లా నీళ్ల కోసం బిందె చంకన పెట్టుకుని సందు మలుపు తిరిగి, మహిళా మండలి గది ముందు ఆగిపోయింది. నిన్న సాయంత్రం దాకా ఆ గోడంతా నీలిరంగు సముద్రం. దాని అంచున పసుపుపచ్చ తీరం, తీరం పొడుగునా ఊళ్ల పేర్లు. మొత్తం లాల్‌దర్వాజాలో ఇంతకన్నా అందమైన గోడ లేదని ఆమెకు గర్వం. ఇప్పుడు ఆ తీరంలో ఒకచోట తెల్లటి మరక. మరక మీద రెండు వాక్యాలు.

"పోటులోనే దిగండి. పాటులో దిగితే ప్రాణం పోతుంది."

కళావతి వేలితో ముట్టి చూసింది. వేలికి ఎర్రగా అంటింది. రాసి ఎంతోసేపు కాలేదు.

రేపు పొద్దున్నే బస్సు. ఈ సందుల్లోని ఆడవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని విశాఖపట్నం వెళ్తున్నారు, సముద్రం చూడటానికి. వాళ్లలో మీరాలం చెరువు కన్నా పెద్ద నీళ్లు చూసినవాళ్లు తక్కువ. డెబ్బైనాలుగో సంవత్సరం డిసెంబరు అది. మొగవాళ్ల తోడు లేకుండా లాల్‌దర్వాజా ఆడవాళ్లు అంత దూరం ఎన్నడూ పోలేదు. ఇళ్లల్లో ఒప్పించడానికే దసరా నుంచి ఇప్పటిదాకా పట్టింది. ఆ ఒప్పించిన మనిషి కళావతి. అందర్నీ క్షేమంగా తీసుకొస్తానని ఇల్లిల్లూ తిరిగి మాటిచ్చిన మనిషి కూడా ఆమే.

బిందె కింద పెట్టి, బస్తీ సంఘం అధ్యక్షుడు అంజన్న ఇంటి తలుపు కొట్టింది.

అంజన్న బస్సు డిపోలో ఫిట్టరు. స్పెషల్ బస్సు మాట్లాడింది ఆయనే. భుజాన తువ్వాలుతో వచ్చాడు. ఆయన వెనక వీధంతా వచ్చింది.

"పోటు," అని గట్టిగా చదివాడు అంజన్న. "పోటంటే సమజైందా? కత్తిపోటు."

కత్తిపోటు అన్న మాట ఊరికే వినబడినా దుకాణాల తలుపులు మూతపడే పట్నం అది.

"మరి పాటంటే ఏందన్నా?" అని అడిగింది మాణిక్యమ్మ. మాదన్నపేట మార్కెట్లో ఆకుకూరలు అమ్ముతుంది. ప్రయాణానికి అందరికన్నా ముందు పేరిచ్చింది ఆమే.

"బాట. తొందరల తప్పు రాసిండు. బాటల దిగితే పానం పోతదంటుండు. అంటే ఏంది? బస్సు బాట మీద ఆగంగనే దిగినోళ్లను దిగినట్టు పొడుస్తరన్నట్టు."

ఒకామె పిల్లను దగ్గరికి లాక్కుంది. వెనక ఎవరో "నేను ముందే జెప్పిన, వద్దని" అన్నారు. అట్లా ముందే చెప్పినవాళ్లు అప్పటికప్పుడు చాలామంది తయారయ్యారు.

కళావతి అత్త సుందరమ్మ గుంపును తోసుకుంటూ ముందుకొచ్చింది. ఆమెకు చదువు రాదు.

"ఇంకొకసారి సదువు కొడుకా. ఏమని రాసిండు?"

అంజన్న చదివాడు.

"దిగండి అని రాసిండా? దిగుర్రి అని గాదు, దిగండి?"

"అవ్ సుందరమ్మవ్వా. దిగండి."

"పొడువొచ్చినోడు గింత మర్యాద జేస్తడా? మా ఇంట్ల అల్లుడొచ్చిననాడు గూడ గింత మర్యాద లేదు."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. అంజన్న నవ్వలేదు. అప్పుడే ఇస్త్రీ చొక్కాతో, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో వెంకట్రావు అటుగా వచ్చాడు. మేడమీది గదుల్లో అద్దెకుంటాడు. సచివాలయంలో గుమాస్తా. విశాఖపట్నం నుంచి వచ్చి ఆరేడేళ్లయినా వీధిలో ఆయన గొంతు విన్నవాళ్లు తక్కువ.

"వెంకట్రావు సార్, జర ఆగుండ్రి," అన్నాడు అంజన్న. "మీది వైజాగే గద. గీడ రాసింది ఏందో చూడుండ్రి."

వెంకట్రావు గోడ వైపు చూశాడు. చూసిన వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"నాది టౌనండి. ఆ పల్లెటూళ్ల సంగతులు నాకు తెలీవు. పోటూ పాటూ ఏమిటో నాకూ అర్థం కాలేదు. ఆఫీసుకి టైమైపోతోంది," అని గబగబా వెళ్లిపోయాడు.

"కోస్తాయనకే అర్థం గాలేదంటే ఇది పక్కా బెదిరింపే," అన్నాడు అంజన్న. "కళావతీ, నేను చెప్పేది విను. పొద్దుగూకేలోపల ఇది రాసినోడెవడో తేలాలె. తేలకుంటే డిపోకు పోయి బస్సు వద్దని చెప్పొస్త. ఒక్కరికి ఏమన్నయితే నేనీ సందుల తలెత్తుకొని తిరుగుతనా? నువ్వు తిరుగుతవా?"

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఎర్రరంగు అనగానే జనానికి గుర్తొచ్చిన పేరు గుండయ్య. సైన్‌బోర్డులు రాస్తాడు. గోడ మీది సముద్రం వేసింది అతనే. మిగిలిన ఎర్రరంగు డబ్బా, సున్నం బొక్కెన మండలి గది అరుగు మీదే వదిలి వెళ్లాడు. ఇద్దరు పోయి నిద్రలో ఉన్నవాణ్ణి లేపుకొచ్చారు. గుండయ్య కళ్లు నలుపుకుంటూ వచ్చి, గోడను చూసి, మొహం చిట్లించాడు.

"నువ్వే రాసినవంట గదరా," అన్నాడు అంజన్న.

"నేనా? అన్నా, కొట్టాలనుంటే కొట్టు. గానీ ఇది నా రాత అని మాత్రం అనకు." గుండయ్య గోడ దగ్గరికి పోయి ఒక్కో అక్షరం చూపించాడు. "గీ 'ప్రా' చూడు. కాలిరిగిన మేకలెక్క ఒరిగింది. గీ 'ట' చూడు, కడుపులేదు దీనికి. షాలిబండ నుంచి చార్మినార్ దాంక ఏ దుకాణం మీదనన్న నా రాత చూసి రాండ్రి. నేను బెదిరిస్తే గూడ అందంగ బెదిరిస్త."

"మరి రంగు డబ్బా బయట ఎందుకు పెట్టినవ్?"

"గోడ రంగు ఎవడు ఎత్కపోతడనుకున్న భాయ్."

గుండయ్య మాట నమ్మక తప్పలేదు. అక్షరాలు నిజంగానే ఘోరంగా ఉన్నాయి.

ఈ గోడ సంగతి కొంచెం చెప్పాలి. కళావతి పనిచేసేది టెలిఫోన్ ట్రంకు ఎక్స్ఛేంజిలో. ఆమె కూర్చునేది విశాఖపట్నం లైను మీద. అవతల చివర కూర్చునే ఆపరేటరు నాగమణి. ఒకరి మొహం ఒకరు చూడలేదు గానీ, లైను ఖాళీ దొరికినప్పుడల్లా మాట్లాడుకుని ఇద్దరూ అక్కచెల్లెళ్లంత దగ్గరయ్యారు. ప్రయాణం అనుకున్నప్పటి నుంచి కళావతి నాగమణిని అడగని ప్రశ్న లేదు. ఎక్కడ ఒడ్డు మెల్లగా వాలుగా దిగుతుంది? ఎక్కడ నాలుగడుగులు వేస్తే నడుము దాటుతుంది? రాళ్లెక్కడ? ఆడవాళ్లు తడిబట్టలు మార్చుకోవడానికి చాటెక్కడ దొరుకుతుంది? తాగే నీళ్లు, కూర్చోవడానికి నీడ, పిల్లలు ఆడుకోవడానికి గవ్వలు? నాగమణి తనకు తెలిసింది చెప్పింది. తెలియనిది బెస్తవాళ్లను అడిగి చెప్పింది.

అట్లా తీరం తేలింది. విశాఖపట్నం ఒడ్డున సాయంత్రం షికారు మాత్రమే. అక్కడి నుంచి ఓడలు కనబడతాయి. రాళ్లున్నాయి కాబట్టి స్నానం వద్దు. అసలు స్నానం భీమిలిలో. గోస్తనీ నది వచ్చి కలిసే చోటికి దూరంగా, ఒడ్డు వాలుగా ఉన్నచోట, మోకాళ్లలోతు దాటకుండా. అక్కడైతే సుందరమ్మ కూడా కూర్చుని తల మీద నీళ్లు పోసుకోవచ్చు.

ఆ రెంటికీ మధ్య, బస్సు చాయ్ కోసం ఆగే చోట, గవ్వలపాలెం.

"ఆ ఊరు చూస్తే ముచ్చటేస్తదే. అసలు చిక్కు కూడా అదే," అంది నాగమణి అప్పట్లో. "మధ్యలో ఒకచోట కెరటమే ఉండదు. అద్దంలా ఉంటది. కొత్తోళ్లంతా అదే మంచి చోటని దిగుతారు. అదే ముంచుతాది."

తమ ఆడవాళ్లు చేసేది అదే మరి. చెరువులో అయినా, బావిలో అయినా, నిమ్మళంగా ఉన్న నీళ్లు చూసే దిగుతారు. అలలు కొట్టే చోటు చూసి భయపడతారు. లాల్‌దర్వాజా ఆడవాళ్లను అక్కడ వదిలితే ఒక్కరు కూడా తప్పిపోకుండా సరిగ్గా ఆ అద్దంలోకే నడుస్తారు. అందుకే గుండయ్యతో గవ్వలపాలెం పేరు మీద పుర్రె వేయించింది. కింద 'దిగొద్దు' అని రాయించింది. చదువు రానివాళ్లకు కూడా పుర్రె తెలుస్తుంది. వారం రోజులుగా పిల్లలు ఆ గోడ ముందు నిలబడి, "పుర్రె ఊరు, పుర్రె ఊరు" అని పాడుతూనే ఉన్నారు.

ఇప్పుడా పుర్రె లేదు.

ఆ పొద్దున డ్యూటీకి పోయి, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకున్న కళావతి మొదటి ఖాళీ దొరకగానే అవతలికి పలికింది.

"వైజాగ్, నాగమణి ఉందా?"

"నేనేనే. ఏటి, గొంతు అలాగుంది? రేపే కదా బయల్దేరడం. నేను స్టేషను కాడికి కాదు, బస్‌స్టాండు కాడికి రావాల. ఏ చీర కట్టుకుంటావో చెప్పు, గుర్తుపట్టాల కదా."

"చీర సంగతి తర్వాత. మా గోడ మీద ఎవరో బెదిరించి రాసిపోయిండ్రు. కత్తిపోటు అని."

"కత్తిపోటా?"

కళావతి పుర్రె చెరిపేసిన సంగతి చెప్పి, రెండు వాక్యాలూ అప్పజెప్పింది. లైను తెగిందేమో అనుకునేలోపు నవ్వు వినబడింది. నాగమణి మాట్లాడబోయి మళ్లీ నవ్వింది. వెనకాల సూపర్‌వైజరు దగ్గడంతో కళావతి ప్లగ్గు సర్దుతున్నట్టు నటించింది.

"కత్తి ఎక్కడిదే తల్లీ. పోటంటే సముద్రం పోటు. నీరు ఒడ్డు మీదకి పొంగి రావడం. పాటంటే ఆ నీరు వెనక్కి తీసెయ్యడం. రోజూ జరిగేదే."

"అంతేనా?"

"అంతే. పాటులో దిగితే ఆ అద్దంలాంటి చోటు మనిషిని లోపలికి లాక్కుపోద్ది. అందుకని గవ్వలపాలెంవాళ్లు పోటు చూసుకునే దిగుతారు. ఏ పక్క దిగాలో, ఎంతసేపుండాలో వాళ్లకే తెలుసు. నువ్వు మాత్రం మీవాళ్లని పోటులోనూ దింపకు, ఏటి?"

"ఐతే రాసినోడు మమ్ముల బెదిరియ్యలేదు."

"బెదిరించడం కాదే, చచ్చిపోతారేమోనని రాశాడు. మరి అంత భయమున్నోడు పుర్రె ఎందుకు చెరిపాడో నాకు తెల్దు."

కళావతికి కూడా తెలియలేదు. కాని ఇంకో సంగతి అడగాలనిపించింది.

"నాగమణీ, మీ టౌనులో ఉండేవాళ్లకు పోటు అంటే తెల్వకుండ ఉంటదా?"

"మా దగ్గర చంటిపిల్లలకి కూడా తెలుసు. ఇంట్లోంచే వినబడుద్ది కదే దాని హోరు. తెల్దని ఎవడైనా అంటే వాడు అబద్ధమైనా ఆడుతుండాల, చెముడైనా ఉండుండాల."

బోర్డు మీద దీపం వెలిగింది. కళావతి ఎవరికో రాజమండ్రి కలిపింది. చేతులు తమ పని తాము చేసుకుపోతున్నాయి. ఆమె కళ్ల ముందు మాత్రం ఇస్త్రీ చొక్కా, టిఫిన్ క్యారియరు, గోడ మీద నుంచి చటుక్కున పక్కకు జరిగిన చూపు.

డ్యూటీ దిగి సందులోకి వచ్చేసరికి ఇంకో ప్రమాదం తయారై ఉంది. ఎక్స్ఛేంజిలో ఆమె పక్క సీటు అమ్మాయిది మాదన్నపేట. పోటు మాట, ముందే డ్యూటీ దిగిన ఆమె ద్వారా, అప్పటికే మార్కెట్టుకు చేరింది. మాణిక్యమ్మ ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఏం ఫికర్ లేదంట గదనే కళా. పోటంటే నీళ్లేనంట. ఐతే గవ్వలపాలెంల పోటు చూసుకొని దిగొచ్చన్నట్టు. గోడ మీదనే రాసుంది. నాకు ఆ అలలు కొట్టే కాడ భయం. నిమ్మళంగున్న కాడనే దిగుత."

"పోటు ఎప్పుడొస్తదో నీకెట్ల తెలుస్తది మాణిక్యక్కా?"

"ఎవరినన్న అడుగుత. గోడ మీద రాసినోడు ఉత్తగనే రాస్తడా?"

పొద్దున ఆ రాత జనాన్ని భయపెట్టింది. ఇప్పుడు ధైర్యం చెబుతోంది. ఈ రెండోదే ఎక్కువ అపాయం. పుర్రె మళ్లీ వేయిస్తే లాభం లేదు. ఒకసారి చెరిగిన పుర్రెను ఎవరు నమ్ముతారు? రాసినవాడే వచ్చి నోటితో వద్దని చెప్పాలి. లేకపోతే రేపటి బస్సు తనే ఆపేయాలి.

అంజన్న ఇంటికి పోయి అంతా చెప్పింది, వెంకట్రావు మాటతో సహా.

అంజన్న లేచాడు. "ఐతే మేడ మీదికి పోయి కాలర్ పట్టుకొని తీసుకొస్త."

"వద్దన్నా. పొద్దున పోటని అనంగనే ఈ సందంత కత్తులు తల్చుకుంది. ఇప్పుడు కోస్తాయన రాసిండంటే ఏమనుకుంటరు? ఈ సందుల ఒక్క కోస్తా ఇల్లు ఆయనది. కోస్తోళ్లు పోవాలని ముల్కీ లొల్లి నడిచిన దినాలల్ల ఆయన తలుపు ముంగట కుర్చీ వేసుకొని కూసున్నది నువ్వే గద. ఇయ్యాల నువ్వే గుంజుకొస్తవా?"

అంజన్న మళ్లీ కూర్చున్నాడు. "మరేం చేస్తవ్?"

"మీటింగ్ పెట్టు. అందర్నీ పిలువు, ఆయన్ని గూడ. నేనొక అబద్ధం చెప్త. నీకిప్పుడే చెప్తున్న, నువ్వు కంగారుపడకు. మనం తానం జేసేది గవ్వలపాలెంలనే అని చెప్త. అది గూడ పాటుల."

"పాగల్ అయినవా? మాణిక్యమ్మ అసలే ఎగురుతుంది."

"పానం పోతదని రాసినోడు అది విని ఊకుంటడా అన్నా? ఊకుంటే, ఆయన రాయలేదన్నట్టే. అప్పుడు బస్సు వద్దని నేనే చెప్పొస్త."

"ట్రంకాల్‌లల్ల గిసొంటివి గూడ నేర్పుతరా?" అన్నాడు అంజన్న.

సంజవేళకు మండలి గది ముందు జాగా నిండిపోయింది. అరుగు మీద ఆడవాళ్లు, ఎదురుగోడ వారన మొగవాళ్లు. గుండయ్య ముందే వచ్చి, ఆ వంకర అక్షరాలు ఎవరికీ కనబడకుండా గోడకు వీపానించి నిలబడ్డాడు. వెంకట్రావు అందరికన్నా వెనక, కరెంటు స్తంభం పక్కన ఉన్నాడు. పిలిచారు కాబట్టి వచ్చాడు. ఎప్పుడు అయిపోతుందా అని చూస్తున్నాడు.

కళావతి లేచింది. ఎక్స్ఛేంజిలో గొంతు తగ్గించి మాట్లాడటం అలవాటు. ఈ రోజు పెంచింది.

"గోడ మీద రాసింది బెదిరింపు గాదు. పోటంటే సముద్రం నీళ్లు పొంగుడు, పాటంటే తగ్గుడు. నేను వైజాగ్‌ల అడిగి తెలుసుకున్న. ఎవ్వలూ భయపడకుండ్రి. బస్సు పోతది."

ఆడవాళ్లలో గుసగుస లేచింది. మాణిక్యమ్మ చప్పట్లు కొట్టింది.

"ఇంకొక మాట. నేను బాగ ఆలోచన జేసిన. భీమిలి దాంక పోవుడెందుకు? గవ్వలపాలెంల నీళ్లు మస్తు నిమ్మళంగ ఉంటయంట. మన మీరాలం చెరువు లెక్క. ఆడనే దిగుదం. పొంగినప్పుడు వద్దు, అది చూస్తే పిల్లలు భయపడతరు. నీళ్లు తగ్గినప్పుడు, పాటుల దిగుదం."

సుందరమ్మకు కోడలు ముందే చెప్పి ఉంచింది. ఆమె కొంగు నడుముకు దోపుకుని లేచింది.

"అందరికన్న ముందుగాల నేను దిగుత. పెద్దదాన్ని. నా ఎనుక పిల్లలు. నడుములోతు దాంక పోయి మునుగుత. మాదన్నపేటల అందరికి చెప్పిన, సముద్రంల మునిగొస్తనని."

"నా చెయ్యి పట్టుకో అవ్వా," అంది మాణిక్యమ్మ. ఆమెకు ఏమీ తెలియదు. ఆమె నిజంగానే అంటోంది. "ఇద్దరం కలిసే పోదం. ఆ అద్దం లెక్కున్న కాడికి."

కళావతి స్తంభం వైపు చూడలేదు. చూస్తే చెడిపోతుంది. గోడ మీది నీలిరంగునే చూస్తూ నిలబడింది. ఎవరూ ఏమీ అనలేదు. పక్క సందులో ఎవరో సైకిలు గంట కొట్టారు. అంజన్న తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. తను పొరబడ్డానా? ఆయన కాదా? అయితే ఇప్పుడే డిపోకు పోవాలి. ఈ ఆడవాళ్ల మొహాలు చూసి చెప్పాలి.

"ఐతే ఖాయం జేసినట్టే," అని ఆమె నోరు తెరిచింది.

"వద్దు."

గొంతు వెనక నుంచి వచ్చింది. పెద్దది కాదు. అందరూ తిరిగి చూసేసరికి వెంకట్రావు అప్పటికే జనంలోంచి తోవ చేసుకుంటూ వస్తున్నాడు. చెప్పు ఒకటి వెనకే ఉండిపోయింది. ఆయన చూసుకోలేదు. నేరుగా మాణిక్యమ్మ ముందుకు వచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టాడు, ఆమె అప్పుడే నీళ్లలోకి నడుస్తున్నట్టు.

"దిగొద్దండి. పాటులో దిగొద్దు. పోటులోనూ దిగొద్దు. మీరెవరూ అక్కడ దిగొద్దు."

"మీకేం తెలుసు సార్?" అంది కళావతి, మెల్లగా. "మీది టౌను గద."

వెంకట్రావు ఆమె వైపు తిరిగాడు. తనను ఎట్లా రప్పించారో ఆ క్షణాన ఆయనకు అర్థమైంది. భుజాలు కొంచెం దిగాయి. తర్వాత, లాల్‌దర్వాజాలో ఆయన్ను ఎవరూ ఎన్నడూ చూడనంత నిటారుగా నిలబడ్డాడు.

"నాది టౌను కాదమ్మా. గవ్వలపాలెం. ఆ గోడ మీద రాసింది నేనే. పుర్రె చెరిపిందీ నేనే. మా నాన్న తెప్ప మీద చేపల వేటకెళ్లేవాడు. నేను చదువుకుని ఈ ఊరొచ్చాక ఎవరడిగినా వైజాగ్ అన్నాను. పల్లెవాడంటే చులకన చేస్తారని. అలా అని అని, మా ఊరి పేరు నా నోట్లోంచే పోయింది. ఏడేళ్ల తరవాత ఈ గోడ మీద మళ్లీ చూశాను. గుండయ్య ఎంత బాగా రాశాడో ఆ పేరు. ఎంత పొంగిపోయానో మీకు చెప్పలేను. ఆఫీసుకెళ్తూ రోజూ ఒక నిమిషం ఆగి చూసేవాణ్ణి. పైన పుర్రె ఉన్నా చూసేవాణ్ణి. ఆ తరవాత పిల్లలు పాట కట్టారు. పుర్రె ఊరని. నేను మెట్లు దిగుతుంటే అదే పాట, ఎక్కుతుంటే అదే పాట. నిన్న మా అబ్బాయి కూడా వాళ్లతో కలిసి పాడాడు. వాడికి తెలీదు, వాడి తాత ఊరని. నేను చెప్పలేదు కదా. ఇవాళ తెల్లారుజామున లేచి సున్నం పూసేశాను. పూశాక చెయ్యి ఆగిపోయింది. పుర్రె లేకపోతే మీరు దిగుతారు కదా అనిపించింది. అందుకని మా ఊళ్లో మాకు చిన్నప్పుడు చెప్పిన మాట రాశాను. పోటులోనే దిగండి అని. మీకు ఆ మాట తెలీదన్న ఆలోచనే రాలేదు నాకు. పుర్రె కన్నా అదే మేలనుకున్నాను. పొద్దున మీరంతా కత్తులంటుంటే విన్నాను. అప్పుడే చెప్పాల్సింది. పారిపోయాను. అంజన్న గారూ, ఆ గొడవల్లో నా గుమ్మం ముందు కూర్చున్న మీకు కూడా చెప్పకుండా పోయాను. తప్పు నాది. ఆ అద్దంలాంటి చోటు మా ఇంటికి ఎదురుగానే ఉంటుంది. అది ఎంతమందిని తీసుకుపోయిందో నాకు తెలుసు. అయినా చెప్తున్నాను, ఆ ఒడ్డంత అందమైన ఒడ్డు మీకు ఇంకెక్కడా కనపడదు. కెరటం వచ్చి వెనక్కెళ్లాక ఇసుకంతా గవ్వలే. పిల్లలకి ఒడి నిండా దొరుకుతాయి. అక్కడ ఇసుక మీద కూర్చుని చాయ్ తాగండి. గవ్వలు ఏరుకోండి. స్నానానికి మాత్రం కళావతి గారు చెప్పిన భీమిలికే పదండి, ఆవిడ ఏరిన చోటు సరైన చోటు. గుండయ్యా, ఆ పుర్రె మళ్లీ వెయ్యి. ఇంకా పెద్దది వెయ్యి, నేను డబ్బా పట్టుకుంటాను. అంజన్న గారూ, రేపటి నుంచి సెలవు పెడతాను, బస్సులో తలుపు పక్క సీటు నాకివ్వండి. గవ్వలపాలెంలో మీకంటే ముందు నేను దిగి, నీళ్లకి అడ్డంగా నిలబడతాను. నన్ను దాటి ఎవరు వెళ్తారో చూస్తాను."